సగంలో ఆగిన క్విల్ట్‌లు: అపోహలు - వాస్తవాలు

నేను క్విల్టింగ్ నేర్పిస్తాను, అంటే బట్ట ముక్కలు కలిపి పైపొర కుట్టి, మధ్యలో దూదిలాంటి పొర, అడుగున ఇంకో బట్ట పెట్టి దుప్పటిలా కుట్టే పని. ఇల్లంతా చకచకా సర్దేసుకునేవాళ్ళు కూడా సగం కుట్టిన బ్లాకుల (ముక్కలు కలిపి కుట్టిన చదరాల) సంచుల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. తీసి చూస్తారు, మనసు చివుక్కుమంటుంది, మళ్ళీ లోపల పెట్టేస్తారు. వాళ్ళ నోట నేను తరచుగా వినే మాటలు ఇవి.

అపోహ: పూర్తి చేయలేదంటే బద్ధకమే.

వాస్తవం: చాలాసార్లు చిక్కు పనిలోనే ఉంటుంది. క్విల్టింగ్‌లో కుట్టుకు వదిలే అంచు పావు అంగుళం. అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పట్టినా, రెండు ముక్కల్లోనూ కలిపి ఒక్కో కుట్టుకు అంగుళంలో ఎనిమిదో వంతు తగ్గిపోతుంది. ఎనిమిది కుట్లున్న వరుస ఏకంగా అంగుళం పొట్టిదవుతుంది. దాన్ని పక్క వరుసతో కలపబోతే ఒకటే ముడతలు. అక్కడితో చేయి ఆగిపోతుంది, సంచి అల్మారాలోకి వెళ్తుంది. బ్లాకులన్నీ చిన్నదాని సైజుకు కత్తిరిద్దామంటే వాటిలోని త్రిభుజాల మొనలు తెగిపోతాయి. కుట్లు విప్పే ఓపిక ఉంటే ఉంచుకోండి. లేకపోతే అపరాధభావం పెట్టుకోకుండా వదిలేయండి.

అపోహ: ఇంత డబ్బు పోశాను, ఇచ్చేస్తే దండగ.

వాస్తవం: ఆ డబ్బు బట్ట కొన్న రోజే ఖర్చయిపోయింది. పైపొర కుట్టడంతో పని అయిపోదు. బ్యాటింగ్ (మధ్యలో పరిచే దూదిలాంటి పొర), అడుగు బట్ట, బైండింగ్ (అంచు చుట్టూ కుట్టే పట్టీ) ఇంకా కొనాలి. మూడు పొరలూ కలిపి కుట్టడానికి బయట ఇస్తే ఆ కూలి వేరే. "దీనికి ఇవాళ వెళ్ళి బ్యాటింగ్ కొంటారా?" అని అడుగుతాను. జవాబు వెంటనే రాకపోతే విషయం తేలిపోయినట్టే.

అపోహ: బట్టే కదా, ఎన్నేళ్ళున్నా ఏమీ కాదు.

వాస్తవం: ఈ నమ్మకమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది, ఎందుకంటే దీనివల్ల మంచి బట్ట పాడైపోతుంది. వెలుతురు తగిలినచోట మడత వెంట రంగు వెలిసి చారలు పడతాయి. చెక్క అరకు, అట్టపెట్టెకు నేరుగా ఆనిన నూలు బట్ట గోధుమరంగుకు తిరుగుతుంది. పొరలు జారకుండా గుచ్చి వదిలేసిన పిన్నీసులు తుప్పు పడతాయి. ఆ మరక వదిలించడం చాలా కష్టం. నీళ్ళతో పోయే నీలం పెన్ను గీతల మీద ఇస్త్రీ పెడితే అవి అలాగే ఉండిపోవచ్చు. అందుకని సంచి తీయగానే ముందు పిన్నీసులు తీసేయండి. పాత ముక్కను రెండు చేతులతో మెల్లగా లాగి చూడండి. చిరిగిందంటే దాని మీద ఇంకో గంట కూడా వెచ్చించకండి. ముదురు రంగు ముక్కను తెల్లటి తడిబట్టతో రుద్దితే రంగు దిగుతుందో లేదో తెలుస్తుంది.

అపోహ: సగం పనిని ఎవరూ తీసుకోరు.

వాస్తవం: కొత్తగా నేర్చుకునేవాళ్ళు సంతోషంగా తీసుకుంటారు, కొలతలు రాసిన కాగితం, మిగిలిన బట్ట కూడా జత చేస్తే. దానం కోసం క్విల్ట్‌లు కుట్టే బృందాలున్నాయి, ముందుగా అడిగి ఇవ్వండి. బూజు వాసన వచ్చేది, చిరిగేది మాత్రం ఎవరికీ అంటగట్టవద్దు.

అపోహ: అమ్మ మొదలుపెట్టింది నేనే పూర్తి చేయాలి, లేదా అలాగే దాచాలి.

వాస్తవం: ఇంకో దారి ఉంది. 2022లో అమెరికాలో మొదలైన లూజ్ ఎండ్స్ అనే సంస్థ, చనిపోయినవాళ్ళు సగంలో వదిలిన చేతిపనిని పూర్తి చేసిపెట్టే వాలంటీర్లను వెతికి కలుపుతుంది. లేదంటే నాలుగు బ్లాకులతో కుషన్ కవరు కుట్టుకోండి. మంచం సైజు అయితేనే క్విల్ట్ అన్న నియమమేమీ లేదు. అమ్మ చేతికుట్టు వంకరగా ఉన్నా విప్పకండి.

ఇక ఉంచుకున్న ప్రతి సంచిలో ఒక చీటీ పెట్టండి. దాని మీద తర్వాతి పని ఒక్కటే రాయండి: "మూడో వరుస విప్పాలి" అనో, "బైండింగ్ కత్తిరించాలి" అనో. ఏం రాయాలో తోచని సంచిని ఇచ్చేసే వాటిలో కలిపేయండి.