'గవర్నమెంటు రేడియో' వార్తలు: అపోహలు, వాస్తవాలు

తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి ప్రభుత్వ ప్రసార సంస్థకు వార్తలు పంపే పార్ట్ టైమ్ విలేకరిని నేను. బస్టాండు దగ్గర టీ తాగుతున్నా, పెళ్ళిలో బంతికి కూర్చున్నా ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, మీ రేడియోలో వాళ్ళ వార్తలే కదా వేస్తారు?" ఆ 'వాళ్ళు' ఎవరన్నది అడిగే మనిషి పార్టీని బట్టి మారుతుంది. ఈ అనుమానాల్లో కొన్ని నిజం, కొన్ని కాదు. అన్నీ కలిపి ఒకే గాటన కట్టేస్తే అసలు తప్పు ఎక్కడ జరుగుతోందో కనపడదు.

అపోహ: పైనుంచి ఫోన్ వస్తుంది, వీళ్ళు రాసుకుంటారు.

నా అనుభవంలో జిల్లా వార్తకు ఫోన్ చేసి చెప్పినవాళ్ళు లేరు. పక్షపాతం వచ్చే దారి వేరు. సాయంత్రానికల్లా వాట్సాప్‌లో అధికారుల ప్రెస్‌నోట్ వచ్చి పడుతుంది. పేర్లు, అంకెలు, ఫొటో అన్నీ అందులోనే ఉంటాయి. రెండో పక్షం మాట కావాలంటే బండి తీసుకుని నేనే పోవాలి. బులెటిన్ మొత్తం పది నిమిషాలు, అందులో నా వార్తకు దక్కేది రెండు మూడు వాక్యాలు. టైమ్ దగ్గర పడుతుంటే చేతిలో ఉన్న కాగితమే వార్త అయిపోతుంది.

2025 మామిడి సీజన్ చెబుతాను. తోతాపురి విరగకాసింది, ధర పడిపోయింది. కిలోకు గుజ్జు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 రూపాయలు రైతుకు అందాలని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. నేను పంపిన వార్తలో "రైతులకు కిలోకు 12 రూపాయలు ఇస్తున్నారు" అని రాశాను. మర్నాడు ఒక ఫ్యాక్టరీ బయట ట్రాక్టర్ల వరసలో నిలబడ్డాను. ట్రాలీల్లో అడుగు కాయలు మగ్గి రసం కారుతోంది, ఈగలు ముసురుతున్నాయి. రెండు రాత్రులు ట్రాక్టర్ కిందే పడుకున్న ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "పన్నెండు రూపాయలని రేడియోలో చెప్పిరి కదా నాయనా, ఎనిమిదికి ఎవురు తీసుకుంటా ఉండారో నాకు చూపించు, ఆడికే పోతా" అన్నాడు.

నేను రాసిన అంకె తప్పు కాదు, క్రియ తప్పు. 'ఇవ్వాలని ప్రకటించింది' అనాల్సిన చోట 'ఇస్తున్నారు' అన్నాను. నన్నెవరూ ఒత్తిడి చేయలేదు, ఎవరి మెప్పు కోసమూ రాయలేదు. అయినా ఆ ఒక్క మాటతో వార్త ప్రభుత్వ ప్రకటన అయిపోయింది. ఆ రోజే రైతులు చెప్పిన ధరతో ఇంకో వార్త పంపాను. కానీ మొదటిది విన్నవాళ్ళంతా రెండోది విని ఉంటారన్న నమ్మకం నాకు లేదు. ఆ పెద్దాయన పట్టు ఇప్పటికీ మణికట్టు మీద ఉన్నట్టే ఉంటుంది.

అపోహ: ఇదంతా ఈమధ్యే మొదలైంది, ముందు రేడియో నిష్పక్షపాతంగా ఉండేది.

ఎమర్జెన్సీలో ఆకాశవాణి ఎవరి గొంతయిందో మన పెద్దలకు గుర్తుంది. 1980లలో దూరదర్శన్‌ను 'రాజీవ్ దర్శన్' అని పిలిచారు. 2014 ఏప్రిల్‌లో, యూపీఏ హయాంలో, నరేంద్ర మోదీతో దూరదర్శన్ చేసిన ఇంటర్వ్యూలో కొన్ని భాగాలు తీసేశారని గొడవ జరిగింది. అదే ఏడాది అక్టోబరులో, ప్రభుత్వం మారాక, ఆర్‌ఎస్‌ఎస్ అధినేత విజయదశమి ప్రసంగాన్ని అదే దూరదర్శన్ లైవ్ ఇచ్చింది. 2017లో త్రిపుర ముఖ్యమంత్రి మాణిక్ సర్కార్ తన స్వాతంత్ర్య దినోత్సవ ప్రసంగాన్ని మార్చకపోతే ప్రసారం చేయమన్నారని ఆరోపించారు. 'మా పార్టీ అధికారంలో ఉన్నప్పుడు బాగుండేది' అనేవాళ్ళు ఈ వరసంతా ఒకసారి చూడాలి.

అపోహ: ప్రసార భారతి స్వతంత్ర సంస్థ, ఇక అనుమానం దేనికి?

ఆకాశవాణి, దూరదర్శన్‌లను నడిపే సంస్థ ఇది. దీన్ని ఏర్పాటు చేసిన చట్టం వెనక ఇద్దరు తెలుగువాళ్ళున్నారు. 1990లో చట్టం చేసినప్పుడు సమాచార ప్రసార మంత్రి తెలుగుదేశం నాయకుడు పర్వతనేని ఉపేంద్ర. ఏడేళ్ళు మూలన పడిన ఆ చట్టాన్ని 1997లో అమల్లోకి తెచ్చినప్పుడు మంత్రి జైపాల్ రెడ్డి. ఈ మధ్యలోనే, 1995లో, ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చినవాళ్ళలో జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఒకరు. భిన్నాభిప్రాయాలతో సహా సమతుల్యంగా సమాచారం ఇవ్వాలి, సొంత భావజాలాన్ని ప్రచారం చేయకూడదు అని చట్టంలోనే ఉంది.

రాత అంత బాగుంది. కానీ జీతాల డబ్బు ఎక్కువగా కేంద్రం గ్రాంటు నుంచే వస్తుంది. వార్తా విభాగాల్ని నడిపేది ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ అధికారులు. ఇదే సర్వీసు వాళ్ళు కేంద్ర ప్రభుత్వ ప్రకటనలు విడుదల చేసే పీఐబీలో కూర్చుని ప్రభుత్వ ప్రెస్‌నోట్లు కూడా రాస్తారు. నిన్న మంత్రి కార్యక్రమానికి ప్రచారం చూసిన అధికారి బదిలీ మీద రేపు అదే మంత్రి వార్తను సరిచూసే కుర్చీలోకి వస్తాడు. మనిషి ఎంత నిజాయితీపరుడైనా ఈ ఏర్పాటు అతన్ని ఒకవైపు లాగుతుంది. నా దృష్టిలో అసలు జబ్బు ఇదే. డీడీ న్యూస్ లోగో ఎరుపు నుంచి కాషాయానికి మారిందని 2024లో జరిగిన గొడవలో పదో వంతు చర్చ కూడా దీని మీద జరగలేదు.

అపోహ: ఎన్నికలప్పుడు టైమంతా అధికార పార్టీదే.

పార్టీల ప్రసంగాల విషయంలో ఇది నిజం కాదు. ఆ టైమ్ పంచేది ఎన్నికల సంఘం పథకం ప్రకారం. అసెంబ్లీ ఎన్నికల్లో గుర్తింపు పొందిన ప్రతి పార్టీకీ కనీసం 45 నిమిషాలు ఉంటుంది, పైన దక్కేది గత ఎన్నికల్లో వచ్చిన ఓట్లను బట్టి. ఏ రోజు ఎవరన్నది లాటరీ తీస్తారు. అయితే ప్రసంగం రాత ముందే ఇవ్వాలి, చిక్కంతా అక్కడే. 2024 మేలో సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి ప్రసంగంలో 'మతతత్వ నిరంకుశ పాలన' లాంటి మాటలు తీసేయమన్నారు. దానికి హిందీ అనువాదంలో మాత్రం అభ్యంతరం చెప్పలేదని ఆయనే చెప్పారు. నియమం ఒకటే అయినప్పుడు రెండు భాషలకు రెండు రకాలుగా ఎలా వర్తిస్తుంది? దీనికి జవాబు రావాలి.

అపోహ: ఎస్వీబీసీ కూడా దూరదర్శనే. కాదు. అది టీటీడీ ఛానల్. ప్రసార భారతికీ దానికీ సంబంధం లేదు.

అపోహ: ఇప్పుడు రేడియో వార్తలు ఎవరు వింటారు, ఎటు మొగ్గితే ఏం?

ప్రైవేటు ఎఫ్ఎంలకు సొంత వార్తలు చదివే అనుమతి లేదు. కావాలంటే ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు, అంతే. అంటే పొలంలోనో ఆటోలోనో రేడియో పెట్టుకున్న మనిషికి వార్తలన్నీ ఒక్కచోటి నుంచే వస్తాయి. అందుకే మా వాక్యాల్లో ఏ క్రియ వాడామన్నది అంత ముఖ్యం.

అపోహ: ఇద్దరి మాటా సమానంగా వేస్తే న్యాయం జరిగినట్టే.

మంత్రి పన్నెండు అన్నాడు, ప్రతిపక్ష నేత నాలుగు అన్నాడు అని చెరో వాక్యం చదివితే రైతుకు ఒరిగేదేమీ లేదు. తూకం దగ్గరికి పోయి చీటీలో ఏం రాశారో చూడాలి. ఇప్పుడు నేను ధరల వార్త పంపేముందు కనీసం ఇద్దరు రైతుల చీటీలు కళ్ళతో చూస్తున్నాను. దీనికి ఒక పూట పోతుంది, పార్ట్ టైమ్ విలేకరికి పెట్రోలు ఖర్చే భారం. అయినా చేస్తున్నాను.

మీకు ఏదైనా వార్త ఒకవైపే ఉందనిపిస్తే 'మీరంతా అమ్ముడుపోయారు' అనకండి. తేదీ, బులెటిన్ టైమ్, వాక్యం రాసి స్టేషన్‌కు పంపండి. ప్రాంతీయ వార్తల ఆడియో న్యూస్ ఆన్ ఎయిర్ సైట్‌లో దొరుకుతుంది, మళ్ళీ విని సరిచూసుకోవచ్చు. ప్రసార భారతి సమాచార హక్కు చట్టం కిందికి వస్తుంది కాబట్టి ఏ పార్టీకి ఎన్ని నిమిషాలు ఇచ్చారో అడగొచ్చు.