ఘాట్ రోడ్డు మలుపులో ఫోను ఎవరి మాట వింటుంది?

తిరుపతిలో ఇంజనీరింగు చదివే ఒక అబ్బాయి అడిగాడు: "సార్, కీబోర్డు, మౌసు, టచ్‌స్క్రీను అన్నీ ఇన్‌పుట్ పరికరాలే కదా. ఫోన్ని అటూ ఇటూ వంచి కారు గేమ్ ఆడతాం. మరి ఆ వంపుని పసిగట్టే సెన్సార్‌ని ఆపరేటింగ్ సిస్టమ్ వేరే పంక్తిలో ఎందుకు కూర్చోబెడుతుంది?"

ఆ గేమ్‌నే తిరుమల నుంచి కిందికి దిగే బస్సులో ఆడి చూడమన్నాను. ఎక్కే దారిలో కాదు, 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డులో. హెయిర్‌పిన్ మలుపులు ఎక్కువగా ఉన్నది అక్కడే.

ఆ వంపు సెన్సార్ పేరు యాక్సిలరోమీటర్. అంటే సన్నటి సిలికాన్ స్ప్రింగుల మీద నిలిచిన ఒక చిన్న దిమ్మ. అది పక్కకి జరిగితే చుట్టూ ఉన్న పలకలతో దాని కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని పట్టి ఉంచే శక్తి) మారుతుంది. చిప్పు ఆ మార్పుని త్వరణంగా లెక్కగట్టి చెబుతుంది. భూమి లాగే త్వరణాన్ని ఒక జి అంటారు. ప్లస్ మైనస్ 2 జి పరిధిలో పెట్టిన 16 బిట్ల చిప్పయితే ఒక జికి 16,384 మెట్లు. అంత సూక్ష్మం! అయినా దానికి ఒక్క సంగతి మాత్రం ఎప్పటికీ తెలియదు: దిమ్మని లాగింది భూమా, బస్సా?

లెక్క వేద్దాం. మలుపు వ్యాసార్ధం 15 మీటర్లు, బస్సు వేగం గంటకి 20 కిలోమీటర్లు అనుకోండి. పక్కకి త్వరణం సెకనుకి సెకనుకి సుమారు 2 మీటర్లు, అంటే 0.21 జి. మీరు ఫోన్ని బల్లపరుపుగా పట్టుకున్నా సరే, అది 12 డిగ్రీలు ఒరిగిందని సెన్సార్ చెబుతుంది. ఇంకో తమాషా: బస్సు ఎడమకి తిరిగితే మనం కుడికి తూలుతాం కదా, దిమ్మ కూడా అంతే. కాబట్టి గేమ్‌లో కారు కుడికి పోయి గోడకి గుద్దుకుంటుంది. ఇది చౌకరకం చిప్పు లోపం కాదు. గురుత్వాన్నీ త్వరణాన్నీ ఉన్నచోట నుంచి విడదీయలేమని ఐన్‌స్టీన్ 1907లోనే గ్రహించాడు.

ఫోను ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచే గైరోస్కోప్ ఆదుకోదా? కొంతవరకు. బస్సు నిలువు అక్షం చుట్టూ సెకనుకి 21 డిగ్రీల చొప్పున తిరుగుతోందని, ఫోను పక్కకి మాత్రం ఒరగలేదని అది చెబుతుంది. ఇప్పుడు ఎవరి మాట నమ్మాలి? రెండు సెన్సార్ల మాటనీ కలిపే ఫ్యూజన్ లెక్కలు అప్పటికప్పుడు గైరోని నమ్ముతాయి, కాసేపయ్యాక యాక్సిలరోమీటర్ వైపు మొగ్గుతాయి. గైరో తప్పు పేరుకుంటూ పోతుంది మరి, దాన్నే డ్రిఫ్ట్ అంటారు. ఆ మలుపులో అరచుట్టు తిరగడానికి బస్సుకి ఎనిమిదిన్నర సెకన్లు పడుతుంది. అంతసేపు ఒకే అబద్ధం వింటే ఫ్యూజన్ కూడా మెల్లగా అటే వాలుతుంది.

పోనీ, బస్సు దిగేశారు. చేతి కదలికంతా మన ఆజ్ఞేనా? చిత్తూరు వైపు బోరు వేసే ముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగే మనిషిని మీరు చూసే ఉంటారు. కాయ లేచి నిలబడితే కింద నీళ్లున్నట్టట. ఆయన మోసగాడే కానక్కర్లేదు. మనసులో ఉన్న అంచనాకి తగ్గట్టు కండరాలు మనకి తెలియకుండానే కదులుతాయి. 1852లో విలియం కార్పెంటర్ అనే ఇంగ్లిష్ శరీరధర్మ శాస్త్రవేత్త దీనికి ఐడియోమోటార్ అని పేరు పెట్టాడు. (బోరు ఫెయిలైతే అప్పు మాత్రం రైతుదే, కాయది కాదు.) ఆ చేతిలో ఫోను పెడితే సెన్సార్ ఆ కదలికనీ, చేతికి సహజంగా ఉండే సెకనుకి పది సార్ల వణుకునీ కూడా రాసిపెడుతుంది. మీట నొక్కడం ఆజ్ఞ. ఇది కొలత.

ఆండ్రాయిడ్‌కి పునాది అయిన లినక్స్ లోపల ఈ తేడా బాగా తెలుస్తుంది. ఇన్‌పుట్ సంకేతాలు ఎవ్‌డెవ్ అనే దారిలో ప్రోగ్రాములకి వస్తాయి. అక్షం విలువ (జాయ్‌స్టిక్ ఎటు ఎంత వంగిందో చెప్పే అంకె) మారకపోతే కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, దాన్ని పైకి పంపనే పంపదు. చిన్నచిన్న తేడాల్ని ఫజ్ పేరుతో మింగేస్తుంది. జాయ్‌స్టిక్‌కి అది మేలే, కొలతకి మాత్రం చేటు. త్వరణం నుంచి వేగం రాబట్టాలంటే ప్రతి నమూనానీ, మారనిదాన్ని కూడా, దాని సమయంతో సహా కూడుకుంటూ పోవాలి. అందుకే ఇలాంటి సెన్సార్ల కోసం 2009లో ఇండస్ట్రియల్ ఐ/ఓ అనే వేరే విభాగం కెర్నల్‌లోకి వచ్చింది. పైగా ఇన్‌పుట్ వచ్చిందంటే యజమాని ఎదురుగా ఉన్నాడనే డెస్క్‌టాప్ లెక్క. సెన్సార్‌నీ అందులో కలిపితే కుదుపుల బస్సులో తెర ఆరనే ఆరదు. లినక్స్ డెస్క్‌టాప్‌లకి ఇన్‌పుట్ అందించే లిబ్‌ఇన్‌పుట్ యాక్సిలరోమీటర్లను పట్టించుకోనిది ఊరికే కాదు.

అయితే ఇన్‌పుట్ నుంచి ఒక క్రమశిక్షణ మాత్రం అరువు తెచ్చుకోవాలి. మీరు టైపు చేసే అక్షరం ముందున్న యాప్‌కే అందుతుంది. సెన్సార్లకి చాలాకాలం ఆ కట్టడి లేదు. దగ్గర్లో మాట్లాడే మాటల కంపనాల్ని ఫోను గైరోతో కొంత పట్టవచ్చని 2014లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, ఇజ్రాయెల్ రక్షణ సంస్థ రఫాయెల్ పరిశోధకులు చూపించారు. ఆండ్రాయిడ్ 9 వచ్చాక వెనకాల నడిచే యాప్‌లకి ఈ సెన్సార్ల ప్రవాహం ఆగిపోయింది. ఆండ్రాయిడ్ 12 నుంచి సెకనుకి 200 నమూనాలు దాటాలంటే యాప్ ఆ సంగతి ముందే ప్రకటించాలి.

మరి ప్లేస్టేషన్ కంట్రోలర్? దాంట్లోని కదలిక సెన్సార్లని లినక్స్ ఎవ్‌డెవ్‌లోనే ఉంచింది, కాకపోతే బటన్లతో కలపకుండా, యాక్సిలరోమీటర్ అన్న గుర్తుతో వేరే పరికరంగా. అది సబబే. కంట్రోలర్‌ని చేతిలోకి తీసుకునేది ఆడటానికే. ఫోను అలా కాదు, జేబులోనూ ఉంటుంది, డ్యాష్‌బోర్డు మీదా ఉంటుంది. కాబట్టి ఫోన్లో కెర్నల్ కొలతని కొలతగానే అందించాలి. గేమ్ తెర మీద ఉన్నంతసేపు, దానికి మాత్రమే, పై పొర ఆ కొలతని ఇన్‌పుట్‌గా మార్చి ఇవ్వాలి.