జింక్ అనే ఎర పంట

కాకినాడ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మేడ మీద షెడ్డు వేయించి రెండు వానకాలాలే అయింది. జీఐ పైపు, తుప్పు పట్టదన్నారు. పైపంతా శుభ్రంగానే ఉంది, వెల్డింగ్ చేసిన ప్రతి అతుకు దగ్గరా ఎర్రగా కారుతోంది. పైపు నకిలీదా?" మిగతా పైపు బాగుందంటే నకిలీది కాకపోవచ్చు. జీఐ అంటే గాల్వనైజ్డ్ ఐరన్, జింక్ పూత వేసిన ఇనుము. అతుకు దగ్గర ఏం జరిగిందో తెలియాలంటే ముందు వేరుశనగ చేలోకి వెళ్లాలి.

వేరుశనగ చుట్టూ రైతులు ఆముదం మొక్కలు వేస్తారు. పొగాకు లద్దె పురుగుకు ఆముదం ఆకంటే మహా ఇష్టం. తల్లి పురుగు వెళ్లి దాని మీదే గుడ్లు పెడుతుంది, వేరుశనగ చాలావరకు బతికిపోతుంది. దాన్నే ఎర పంట అంటాం. ఇనుముకు జింక్ సరిగ్గా అలాంటి ఎర పంట. మన పెద్దలు తుత్తునాగం అన్నది ఈ లోహాన్నే.

పెయింట్ అయితే కంచె లాంటిది. ఒక్కచోట కంత పడితే చాలు, మేక దూరినట్టు నీరు దూరుతుంది, తుప్పు పెయింట్ కిందనే పాకుతుంది. జింక్ పూత కూడా మామూలు రోజుల్లో కంచెలాగే నీటిని ఆపుతుంది. దాని గొప్పతనం గీత పడ్డాక తెలుస్తుంది. తుప్పు పట్టడమంటే ఇనుము పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు వదిలేసి నీటిలోకి దిగిపోవడం. ఆ ఎలక్ట్రాన్లను నీటిలో కరిగిన ఆక్సిజన్ అందుకుంటుంది. ఎవరిచ్చారన్నది ఆక్సిజన్‌కు పట్టదు. జింక్ వాటిని ఇనుము కంటే తేలిగ్గా ఇస్తుంది: ప్రామాణిక ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ జింక్‌కు -0.76 వోల్టులు, ఇనుముకు -0.44. ఈ అంకె సున్నాకు ఎంత కిందికి దిగితే లోహం ఎలక్ట్రాన్లను అంత తేలిగ్గా ఇస్తుందన్నమాట. రెండూ తాకుతూ ఉండి, పైన తడి ఉంటే, జింక్ ఎలక్ట్రాన్లు ఇనుములోకి పారి అక్కడి ఆక్సిజన్ ఆకలి తీరుస్తాయి. గీత పడి బయటపడ్డ ఇనుము కూడా అలాగే ఉండిపోతుంది. అదే తగరం పూత అయితే కథ తలకిందులు. దాని విలువ -0.14, ఇనుము కంటే తక్కువగా ఇస్తుంది. గీత పడ్డ తగరం డబ్బాలో ఇనుమే ఎర పంట అవుతుంది.

బడిలో "తుప్పు పట్టకుండా జింక్ పూత వేస్తారు" అని ఒక్క వాక్యం రాయించి వదిలేస్తారు. ఇంకో పాఠంలో నిమ్మకాయకు జీఐ మేకు, రాగి తీగ గుచ్చి దాదాపు 0.9 వోల్టు చూపిస్తారు. ఆ మేకు మీద ఉన్నది ఈ జింకే, ఆ వోల్టులు పుట్టేది దాని దానగుణం వల్లే. ఈ రెండు పాఠాలనూ కలిపి చెబితే పిల్లలు జన్మలో మరిచిపోరు.

ఎర పంటకు హద్దులున్నాయి. ఊరికి అవతల ఆముదం వేస్తే మన చేనుకు ఉపయోగం లేదు. జింక్ కాపాడగలిగేది కూడా తన అంచు నుంచి కొన్ని మిల్లీమీటర్ల దూరమే. పైన నిలిచే నీటి పొర పల్చగా ఉంటే ఇంకా తక్కువ. ఇప్పుడు వెల్డింగ్ చూడండి. జింక్ 419 డిగ్రీల దగ్గర కరిగి, 907 దగ్గర ఆవిరవుతుంది. ఉక్కు కరగడానికి దాదాపు 1,500 కావాలి. ఉక్కు కరిగేసరికి అతుకుకు రెండు పక్కలా జింక్ తెల్లటి పొగై లేచిపోతుంది. చేను నడిమధ్య ఎర పంటను తగలబెట్టినట్టే. మీ షెడ్డులో జరిగింది ఇదే.

ఆ పొగ పీల్చిన వెల్డరుకు కొన్ని గంటల తర్వాత మలేరియాలా చలి, జ్వరం వస్తాయి. పాలు తాగితే విరుగుడు అని చాలామంది నమ్ముతారు. పాలు వెళ్లేది కడుపులోకి, పొగ వెళ్లేది ఊపిరితిత్తుల్లోకి. కావలసింది మాస్కు, గాలి. కాల్చకముందే అతుకు దగ్గర జింక్‌ను గ్రైండర్‌తో తీసేస్తే పొగే తగ్గుతుంది.

అన్ని పూతలూ ఒకటి కావు. తయారైన దూలాన్ని యాసిడ్‌లో కడిగి, ఫ్లక్స్ పట్టించి, 450 డిగ్రీల జింక్ తొట్టిలో ముంచితే పూత ఇనుముతో కలిసి పెరుగుతుంది: లోపల గామా పొర, దాని మీద డెల్టా, జీటా, అన్నిటికీ పైన ఈటా అనే దాదాపు శుద్ధ జింక్. డెల్టా, జీటా పొరలు కింది మామూలు ఉక్కు కంటే గట్టివి. 6 మిల్లీమీటర్లు దాటిన ఉక్కుకు ఈ పూత సగటున కనీసం 85 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండాలి. షాపులో జీపీ పేరుతో దొరికే పైపు వేరు. ముందే పూత వేసిన రేకును చుట్టి చేస్తారు. చదరపు మీటరుకు 120 గ్రాముల రకమైతే అది రెండు వైపులా కలిపిన లెక్క, అంటే ఒక్కో వైపు ఎనిమిది మైక్రాన్ల చిల్లర. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో జింక్ ఏడాదికి ఒకటి రెండు మైక్రాన్లో, అంతకంటే తక్కువో అరుగుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కట్టే బూడిదరంగు కార్బనేట్ పొర దాన్ని నిదానంగా అరగనిస్తుంది. ఉప్పుగాలి గట్టిగా తగిలే సముద్రపు ఒడ్డున ఆ పొర నిలవదు, ఏడాదికి నాలుగు నుంచి ఎనిమిది మైక్రాన్లు పోవచ్చు. కాకినాడలో జీపీ పైపుతో షెడ్డు వేసేవాళ్లు ఈ లెక్క ముందే చూసుకోవాలి.

ఇక మీ అతుకులు. చాలాచోట్ల వెల్డింగ్ మీద సిల్వర్ పెయింట్ పూసి వెళ్లిపోతారు. రంగు కలుస్తుంది, కానీ అది ఉత్త కంచె. అందులోని అల్యూమినియం రేణువులు జిగురులో విడివిడిగా మునిగి ఉంటాయి, ఇనుముకు ఎలక్ట్రాన్లు అందించలేవు. జింక్ రిచ్ ప్రైమర్ అని అడగండి. ఎండిన పొరలో బరువుకు కనీసం 80 శాతం జింక్ పొడే ఉండాలి. రేణువులు ఒకదానికొకటి, అడుగున ఇనుముకు తాకితేనే కరెంటు పారుతుంది. అందుకే కింద తుప్పు గానీ, వెల్డింగ్ పెంకు గానీ, పాత పెయింట్ గానీ మిగలకూడదు. లోహం మెరిసేదాకా వైర్ బ్రష్‌తో రుద్ది, చుట్టూ ఉన్న మంచి పూత మీదికి ఒక సెంటీమీటరు ఎక్కేలా రెండు మూడు కోట్లు వేయించండి. డబ్బాను అడుగుదాకా కలుపుతూ ఉండాలి, జింక్ బరువుకి కిందికి దిగిపోతుంది.

వచ్చే వానల తర్వాత ఆ అతుకు మీద తెల్లటి పొడి కాస్త కనిపిస్తే కంగారుపడి గీకేయకండి. అక్కడ పురుగు ఆముదం ఆకు తింటోంది.