బ్రిడ్జ్ వ్యాయామం: కొత్తవాళ్ల అపోహలు - వాస్తవాలు

వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిరుదుల్ని పైకెత్తి దించడం. బ్రిడ్జ్ అంటే ఇంతే. గెంతడాలు లేవు, కీళ్ల మీద భారమూ తక్కువే. చూడ్డానికి మరీ తేలిగ్గా ఉండటంతో దీన్ని ఎలా పడితే అలా చేసేస్తుంటారు.

అపోహ: ఎంత ఎత్తుకు లేస్తే అంత మంచిది.
భుజాల నుంచి మోకాళ్ల దాకా ఒకే వాలు వస్తే చాలు. అక్కడితో పిరుదుల పని పూర్తవుతుంది. ఆపైన వచ్చే ఎత్తంతా నడుము వెనక్కి వంగడం వల్ల వచ్చేదే. చేశాక నడుము పట్టేసిందంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. లేవడానికి ముందు పొట్టను కాస్త బిగించి, నడుముకీ నేలకీ మధ్య ఉన్న సందును మూసేయండి. తర్వాత మడమలతో నేలను నొక్కుతూ, ఊపిరి వదులుతూ లేవండి. పైన 3 సెకన్లు ఆగండి. వేళ్లతో పిరుదుల్ని నొక్కి చూస్తే గట్టిగా తగలాలి. మెత్తగా ఉంటే పని ఇంకెవరో చేస్తున్నారన్నమాట! దిగేటప్పుడు మరింత నెమ్మది. దబ్బున పడితే సగం వ్యాయామం వృథా.

అపోహ: తొడ వెనక పట్టేస్తే ఈ వ్యాయామం మనకు పడదు.
ముందు పాదాలు ఎక్కడున్నాయో చూడండి. మడమలు పిరుదులకు దూరంగా ఉంటే భారం పిరుదులను వదిలి తొడ వెనక కండరాల మీద పడుతుంది. పైకి లేచినప్పుడు మోకాలి నుంచి మడమ దాకా కాలు నిటారుగా ఉండాలి. పట్టేస్తే కాళ్లు చాపి, నొప్పి తగ్గాక మడమల్ని పిరుదుల వైపు నాలుగు వేళ్ల వెడల్పు దగ్గరికి జరిపి మళ్లీ ప్రయత్నించండి. మోకాళ్లు లోపలికి వాలిపోతుంటే వాటి మధ్య మడతపెట్టిన తువ్వాలు ఉంచండి.

అపోహ: మంచం మీద చేసినా ఒకటే.
కాదు. పరుపు కుంగుతుంది, మడమలకు ఆనిక దొరకదు. నేల మీద మ్యాట్ వేసుకోండి. తల కింద ఎత్తు దిండు వద్దు, పైన ఉన్నప్పుడు మెడ తిప్పొద్దు.

అపోహ: రోజుకు వంద చేస్తే పొట్ట కరుగుతుంది.
ఒక చోట కండరాన్ని కదిపినంత మాత్రాన అక్కడి కొవ్వే కరగదు. మొదట్లో 8 నుంచి 10 సార్లు, 2 విడతలు, మధ్యలో నిమిషం విరామం, వారానికి 3 రోజులు చాలు. 15 సార్లు సులువుగా వస్తుంటే ఇక లెక్క పెంచకండి. పైన ఆగే సమయాన్ని 5, ఆ తర్వాత 10 సెకన్లకు పెంచండి. ఒంటికాలి బ్రిడ్జ్ ఆ తర్వాతి మాట.

అపోహ: తేలిక వ్యాయామమే కదా, ఎవరైనా చేయొచ్చు.
బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టకూడదు. గర్భిణులు, పొట్టకు ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి. చేస్తుండగా నొప్పి కాల్లోకి పాకినా, తిమ్మిరెక్కినా వెంటనే ఆపేయండి. ఆ రోజుకి ఇంకో విడత వద్దు.