మానేయకండమ్మా, సెలవు పెట్టండి: మైక్రోబయాలజీ అమ్మాయిలు, అపోహలు, వాస్తవాలు

మొన్న జూన్‌లో ఒకమ్మాయి నా గదికి వచ్చింది. చేతిలో తెల్ల కవరు, వెనక వాళ్ల నాన్న. కూర్చోమన్నా ఆయన కూర్చోలేదు. "అమ్మాయికి అయిదో నెల మేడం. ఇక కుదరదు కదా. రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకుంటేనే మంచిదని వాళ్ల అత్తగారు కూడా అంటున్నారు" అన్నారు.

కవరులో ఉన్నది పీహెచ్‌డీ మానేస్తున్నట్టు లెటర్. అమ్మాయిది మూడేళ్ల పని. కోర్స్‌వర్క్ అయిపోయింది, ఒక పేపర్ అచ్చయింది, ఇంకోటి రివ్యూలో ఉంది. ఇలా రాయమని ఎవరు చెప్పారని అడిగితే, ఏదో ఆఫీసులో ఎవరో "సెలవులాంటివి ఉండవమ్మా, మానేసి తర్వాత మళ్లీ చేరు" అన్నారట. ఆ ఎవరో ఎవరో ఎప్పటికీ తెలియదు. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల పదిహేనేళ్లకు పైగా మైక్రోబయాలజీ చెబుతున్నాను, ఇలాంటి కవర్లు ఎన్ని చూశానో లెక్క పెట్టడం మానేశాను.

అపోహ: కడుపుతో ఉంటే పీహెచ్‌డీ మానుకోవాల్సిందే, తర్వాత చూసుకోవచ్చు.

తర్వాత చూసుకోవడం ఉండదు. ముందు ఆ భ్రమ వదిలేయండి.

యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2016 నాటి పీహెచ్‌డీ నిబంధనల్లోనే మహిళా స్కాలర్లకు ప్రసూతి సెలవు, పిల్లల సంరక్షణ సెలవు కలిపి 240 రోజుల వరకు ఇవ్వవచ్చని ఉంది. 2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనల్లోనూ ఆ మాట అలాగే ఉంది. పీహెచ్‌డీకి మామూలుగా గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు. మహిళలకు ఆ పైన మరో రెండు. మొత్తం పదేళ్లు దాటకూడదు. అంటే బిడ్డను కని, పాలు మాన్పించి, బడిలో వేసి వచ్చినా కూడా థీసిస్ ఇవ్వడానికి టైమ్ మిగిలే ఉంటుంది.

సెలవు పెడితే మీ రిజిస్ట్రేషన్ నంబర్, మీ గైడ్, మీ కోర్స్‌వర్క్ మార్కులు, మీ టాపిక్, అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. మానేస్తే మళ్లీ ఎంట్రన్స్, మళ్లీ ఇంటర్వ్యూ, మళ్లీ అన్నీ మొదటి నుంచి. గైడ్ దగ్గర ఖాళీ కూడా ఉండాలి కదా. ఒక ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురిని మాత్రమే తీసుకోవాలి. మీరు ఖాళీ చేసిన సీటు మర్నాడే నిండిపోతుంది.

నోటిమాటగా ఎవరు ఏం చెప్పినా వినకండి. గైడ్ ద్వారా, హెడ్ ద్వారా కాగితం మీద దరఖాస్తు పెట్టండి. డాక్టర్ సర్టిఫికెట్ జత చేయండి. ఆఫీసులో అందినట్టు ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకుని, ఒక జిరాక్స్ ఇంట్లో పెట్టుకోండి. "కుదరదు" అంటే అదే మాట రాసిమ్మని అడగండి. నేను చూసినంతలో, రాసిమ్మన్నాక కుదరనిది చాలా తక్కువ. ఫెలోషిప్ వస్తున్నవాళ్లు ప్రసూతి సెలవులో కూడా దానికి అర్హులే. కేంద్ర నిధులతో జేఆర్‌ఎఫ్, ఎస్‌ఆర్‌ఎఫ్ (జూనియర్, సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌లు) చేసేవాళ్లకు ఆ నిబంధన ఉంది. జేఆర్‌ఎఫ్ అంటే 2023 నుంచి నెలకు 37,000, అద్దె భత్యం అదనం. అది వదులుకోవడానికి మీకేమైనా మిర్చి కోల్డ్ స్టోరేజీలున్నాయా?

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే నేను ఈ తప్పు చేశాను. 2000లో మా పెద్దది కడుపులో ఉండగా మానేశాను. అప్పటికి ఈ 240 రోజుల రూలు లేదు, ఉన్నా మా ఇంట్లో ఎవరూ వినేవారు కాదనుకోండి. నా పని స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బాక్టీరియా మీద. ప్రత్తిపాడు వైపు మిరప చేలల్లో మట్టి తెచ్చి, అందులోంచి వేరు చేసిన కల్చర్లు. మా ల్యాబ్‌లో డీప్ ఫ్రీజర్ ఎక్కడిది? స్టెరిలైజ్ చేసిన పొడి మట్టిలో వాటి స్పోర్లు, అంటే విత్తనాల్లాంటివి, కలిపి, దూది బిరడా పెట్టి, చెక్క బీరువాలో పెట్టేవాళ్లం. నాలుగేళ్ల తర్వాత మళ్లీ ఎంట్రన్స్ రాసి వెళ్తే, మా గైడ్‌గారు ఏమీ అనకుండా బీరువా తాళం చేతిలో పెట్టారు. లేబుళ్ల మీద నా దస్తూరీ వెలిసిపోయి ఉంది. చిటికెడు మట్టి ప్లేట్ మీద చల్లి వారం ఆగాను. ఏడో రోజు మూత తీస్తే గది నిండా తొలకరి వాసన. పెసరగింజంత కాలనీలు, పైన సుద్దపొడి అద్దినట్టు. ఇరవై మూడు ట్యూబుల్లో పంతొమ్మిది బతికాయి. కోర్స్‌వర్క్ మాత్రం బతకలేదు, మళ్లీ చదివాను.

ఇప్పటికే మానేసినవాళ్లు ఇది చదివి టెన్షన్ పడొద్దు. మీకూ దారులున్నాయి. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ గ్యాప్ వచ్చిన మహిళల కోసమే 2002-03లో వుమెన్ సైంటిస్ట్ స్కీమ్ పెట్టింది. 27 ఏళ్ల నుంచి 57 ఏళ్ల వరకు అందులో అర్హత ఉండేది. ఇప్పుడు అదే వైజ్-పీహెచ్‌డీ, వైజ్-పీడీఎఫ్ పేర్లతో నడుస్తోంది. బయోటెక్నాలజీ శాఖది బయోకేర్, అది 2011 నుంచి ఉంది. నోటిఫికేషన్ వచ్చినప్పుడు వయసు, షరతులు ఒకసారి చూసుకుని వేయండి. జేఆర్‌ఎఫ్‌కు మహిళలకు అయిదేళ్ల వయసు సడలింపు ఉంది. లెక్చరర్‌షిప్‌కైతే వయసు పరిమితే లేదు. "ముప్పై దాటింది, ఇంకెందుకులే" అనే పిన్నిగార్లు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు. నమస్కారం పెట్టి లిఫ్ట్ ఎక్కేయండి.

అపోహ: క్రిములతో పని, పిల్లలు పుట్టరు. పుట్టినా జబ్బులు ఇంటికొస్తాయి.

పెళ్లిచూపుల్లో అడుగుతున్నారట. ఓ తల్లి నాకు ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "అమ్మాయి ఈ.కోలై బాక్టీరియా మీద పని చేస్తుందని వాళ్లకు చెప్పొచ్చా మేడం?" అని అడిగింది. పాపం, ఆవిడ భయం ఆవిడది. చెప్పండమ్మా. మన మాలిక్యులర్ బయాలజీ ల్యాబుల్లో క్లోనింగ్‌కు, అంటే జన్యువుల నకళ్లు తీయడానికి, వాడే ఈ.కోలై రకాలు దశాబ్దాలుగా ల్యాబ్‌లోనే పెరిగి, మనిషి పేగులో నిలదొక్కుకునే శక్తి పోగొట్టుకున్నవి. పని అయ్యాక ప్రతిదీ ఆటోక్లేవ్‌లోకి, అంటే ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రంలోకి వెళ్తుంది, 121 డిగ్రీలు, 15 పౌండ్ల ప్రెషర్, కనీసం పదిహేను నిమిషాలు. మీ ఇంట్లో అంట్ల స్పాంజి ఆ సింక్‌లోనే ఎన్నాళ్లుంటోందో అడగను.

అసలు జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి. డీఎన్‌ఏ చూసే జెల్‌లో వాడే ఇథిడియం బ్రోమైడ్, ఫినాల్-క్లోరోఫాం, రేడియోధార్మిక పదార్థాలు. సూక్ష్మజీవుల్లో లిస్టీరియా, టాక్సోప్లాస్మా, రుబెల్లా లాంటివి. గర్భిణులు వీటికి దూరంగా ఉండాలి. ఇక్కడే మన అలవాటు అడ్డం వస్తుంది. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదంటారు పెద్దలు. బిడ్డ అవయవాలు ఏర్పడేది ఆ మూడు నెలల్లోనే. ఊరంతా చెప్పక్కర్లేదు, గైడ్ ఒక్కరికి చెప్పండి. మర్నాటి నుంచి జెల్లు ఇంకొకరు వేస్తారు, మీరు కంప్యూటర్‌లో డీఎన్‌ఏ సీక్వెన్స్‌లు చూసుకుంటూ పేపర్ రాసుకుంటారు. నా దగ్గర ఇద్దరు అలాగే రాశారు.

అపోహ: మైక్రోబయాలజీ అంటే రక్తం, మూత్రం పరీక్షలు. మన ఊళ్లో ఉద్యోగాలు లేవు.

దీని మీద పెద్దగా చెప్పను. గుంటూరు మిర్చి యార్డు నుంచి యూరప్ వెళ్లే మిరపకాయల్లో అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు దాటితే సరుకు అక్కడ దిగదు. ఆ విషం తయారుచేసే బూజు మీద పరిశోధన ఎవరు చేయాలి? గుంటూరు పక్కనే లాంలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది, గుంటూరులో స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది. తీరం వెంట రొయ్య పిల్లలకు తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో చూసే పీసీఆర్ ల్యాబులు ఉన్నాయి, చెరువులో వేసే ముందు రైతు అడిగేది ఆ రిపోర్టే.

అపోహ: ఆడవాళ్లు సహాయానికే, అసలు బుర్ర మగవాళ్లది.

ఇది ముఖం మీద ఎవరూ అనరు, సెలక్షన్ కమిటీ టీ విరామంలో వినిపిస్తుంది. మనం సూక్ష్మజీవులను పెంచడానికి రోజూ పోసే అగార్ ప్లేట్లు ఫానీ హెస్సే ఇచ్చిన ఆలోచన. 1881లో జర్మనీలో భర్త వాల్టర్ హెస్సే, శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ ల్యాబ్‌లో పని చేస్తూ, వేడికి జెలటిన్ కరిగిపోతోందని తల పట్టుకుంటే, తను జెల్లీల్లో వాడే అగార్ వేసి చూడమంది. అదే మన కిరాణా కొట్టు చైనా గ్రాస్. 1882లో క్షయ మీద కాక్ రాసిన పేపర్‌లో అగార్ ఉంది, ఆమె పేరు లేదు. ఎస్తర్ లెడర్‌బర్గ్ బాక్టీరియాను పట్టే లాంబ్డా ఫేజ్ అనే వైరస్‌ను కనిపెట్టింది, భర్తతో కలిసి రెప్లికా ప్లేటింగ్ తెచ్చింది. 1958 నోబెల్ భర్తకు వచ్చింది. మన పక్కనే హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో మంజులా రెడ్డి, ఈ.కోలై పెరిగేటప్పుడు తన గోడను ఎలా విప్పుకుంటుందో చూపించి 2019లో లైఫ్ సైన్సెస్‌లో ఇన్ఫోసిస్ బహుమతి అందుకున్నారు. ఆ బాక్టీరియా గురించే ఫోన్ చేసిన తల్లికి ఈ మాట కూడా చెప్పాను.

రెప్లికా ప్లేటింగ్‌కు వెల్వెట్ గుడ్డ కావాలి. ఒక ప్లేట్ మీద కాలనీలను గుడ్డకు అద్ది, ఆ గుడ్డను యాంటీబయాటిక్ కలిపిన ప్లేట్ మీద అద్దితే, ఏ కాలనీ తట్టుకుంటుందో దాని చోటుతో సహా తెలుస్తుంది. మొదటిసారి నేను ఆ గుడ్డ కోసం విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల మార్కెట్ వస్త్రలతకు వెళ్లాను. కొట్టాయన తానులు పరిచి "జాకెట్టుకా మేడం, దిండుకా?" అన్నాడు. "బాక్టీరియాకి" అన్నాను. ఒక్క క్షణం ఆలోచించి, "అయితే నూలు వెల్వెట్ తీసుకోండి, ఎంత వేడికైనా పాడవదు" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. పాలిస్టర్‌ది ఆటోక్లేవ్ వేడికి ముడుచుకుపోవచ్చు.

జూన్‌లో వచ్చిన అమ్మాయి లెటర్ నా టేబుల్ మీదే తిరగరాసింది, ఇన్‌వర్డ్ నంబర్ కూడా పడింది. ఆమె ప్లేట్లు ఇప్పుడు జూనియర్ చూస్తోంది. ఆ గుడ్డ ముక్కలు అయిపోవచ్చాయి, ఈ వారం మళ్లీ వస్త్రలత వెళ్లాలి.