ముదివేముకు చంద్రవంశం ఎలా చేరింది

జమ్మలమడుగు పక్కన, కుందూ సీమలో ఉన్న పెద్దముడియమే శాసనాల్లోని ముదివేము అగ్రహారమని శాసన పరిశోధకులు గుర్తించారు. చాళుక్య వంశం నిలబడింది ఈ ఊళ్లోనే అని తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలు చెప్తాయి. ఈ మాట పట్టుకుని కొందరు ఊరి చరిత్రను భారత యుద్ధం దాకా తీసుకుపోతున్నారు. మరికొందరు ఇదంతా కట్టుకథ అని తోసేస్తున్నారు. శాసనం ఏ వరుసలో ఏం చెప్పిందో చూడకుండా చేసే రెండు పనులూ తప్పే.

ఈ కథ ఉన్న రాగి రేకుల్లో ముందు వరుసలోది తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి రణస్తిపూండి శాసనం, 1018 ప్రాంతానిది. ఆయన కొడుకు రాజరాజనరేంద్రుడి నందంపూడి శాసనం కూడా ఇదే వంశవృక్షం ఇస్తుంది. దాన్ని రచించింది నన్నయభట్టు. వరుస ఇదీ: బ్రహ్మ, అత్రి, చంద్రుడు, బుధుడు, పురూరవుడు, ఆయువు, నహుషుడు, యయాతి, పూరుడు, అక్కడి నుంచి భరతుడు, శంతనుడు, పాండవుల మీదుగా పరీక్షిత్తు, జనమేజయుడు, చివర ఉదయనుడు. తరువాత అయోధ్యలో 59 మంది చక్రవర్తులు ఏలారట. వాళ్లలో ఒక్కరి పేరూ లేదు. ఆ వంశంవాడైన విజయాదిత్యుడు దక్షిణాపథం మీదికి వచ్చి, త్రిలోచన పల్లవుడితో పోరులో చనిపోయాడు. నిండు గర్భిణి అయిన రాణి పురోహితులతో, కొందరు మంత్రులతో ముదివేము చేరితే విష్ణుభట్ట సోమయాజి అనే బ్రాహ్మణుడు కన్నబిడ్డలా కాపాడాడు. పుట్టిన కొడుకు విష్ణువర్ధనుడు. పెరిగాక తల్లి చెప్పగా విని, చాళుక్యగిరి మీద నందాభగవతిని ఆరాధించి, రాజచిహ్నాలు ధరించి రాజ్యం సంపాదించాడు.

పై పేర్లలో కొన్ని వేదంలోనే ఉన్నాయి. కానీ అక్కడ వాటి రూపం వేరు. పురూరవుడు ఊర్వశితో మాట్లాడే సంవాదం ఋగ్వేదం పదో మండలం 95వ సూక్తం. యదు, తుర్వశ, ద్రుహ్యు, అను, పూరు అనేవి ఋగ్వేదంలో ఎక్కువగా జనాల పేర్లు. యయాతికి అయిదుగురు కొడుకులుగా వరుస కుదిరింది ఇతిహాస పురాణాల్లో. పరీక్షిత్తు రాజ్యం ఎంత సుభిక్షంగా ఉందో అథర్వవేదం ఇరవయ్యో కాండ పాడుతుంది. జనమేజయుడి అశ్వమేధం శతపథ బ్రాహ్మణంలో ఉంది, చేయించినవాడు ఇంద్రోత దైవాప శౌనకుడు. అంటే రేకు మీద చెక్కిన పేర్లు ఊరికే పుట్టలేదు. వాటిని తండ్రీకొడుకులుగా గుచ్చిన దారం తరువాతిది.

ఇప్పుడు అతుకులు చూద్దాం. వంశవృక్షం చదివేటప్పుడు పేర్లు ఆగిపోయి లెక్క మొదలయ్యే చోట వేలు పెట్టి ఆగాలి. ఇక్కడ అది 59. పశ్చిమ చాళుక్యుల 1009 నాటి కౌథెం రేకులు కూడా అయోధ్యలో 59 మంది అనే అంటాయి, ఆపైన దక్షిణాన మరో 16 మందిని కలుపుతాయి. రెండో అతుకు అయోధ్యే. పురాణాల ప్రకారం అది సూర్యవంశపు నగరం; హస్తినాపురాన్ని గంగ ముంచేశాక చంద్రవంశం చేరింది కౌశాంబికి, ఉదయనుడు అక్కడి రాజు. మూడోది వరుస తప్పడం. పురాణాల్లో క్షేమకుడు ఆ వంశంలో కడపటివాడు. రేకుల్లో క్షేముకుడు జనమేజయుడి వెనకే వచ్చి, ఉదయనుడి కంటే ముందు నిలబడ్డాడు.

నాలుగోది చరిత్రకు నేరుగా తగులుతుంది. బాదామి కొండ మీది మొదటి పులకేశి శాసనం శక 465, అంటే 543 నాటిది. బాదామి చాళుక్యుల పాత శాసనాల్లో ఆయన తండ్రి రణరాగుడు, తాత జయసింహుడు. ముదివేము కథలో ఆ స్థానాల్లో విజయాదిత్యుడు (పోరులో చనిపోయినవాడు కాదు, విష్ణువర్ధనుడి కొడుకు), విష్ణువర్ధనుడు కూర్చున్నారు. పైగా ఆ పాత శాసనాల్లో చంద్రవంశం ఊసే లేదు. మానవ్య గోత్రం, హారీతీపుత్రులు, సప్తమాతృకలు పెంచినవారు, వరాహ లాంఛనం, అంతవరకే.

ముదివేము అవసరం అక్కడే పడింది. అత్రి నుంచి వచ్చిన చంద్రవంశానికి మానవ్య గోత్రం ఎలా పొసుగుతుంది? పిల్లవాడికి మానవ్య గోత్రానికి, హారీతీపుత్ర పక్షానికి తగిన సంస్కారాలన్నీ తల్లి చేయించిందని రేకు స్పష్టంగా చెప్తుంది. పాత బిరుదునూ కొత్త వంశాన్నీ కలిపిన ముడి ఈ అగ్రహారం. కవి ఎంత జాగ్రత్తగా వేశాడో చూడండి, గర్భిణిని తెచ్చి ఒక యజ్వ ఇంట్లో పెట్టాడు, తండ్రి వంశమూ పోలేదు, గోత్రమూ నిలిచింది.

ఇది పదకొండో శతాబ్దంలోనే ఎందుకు? విమలాదిత్యుడి భార్య కుందవ్వ రాజరాజచోళుడి కూతురు. చోళులు సూర్యవంశీయులమని చెప్పుకునేవారు. వియ్యానికి వియ్యం సమానంగా ఉండాలంటే ఇటు చంద్రుడు కావాలి. కారణాల్లో ఇదే బలమైనది అనిపిస్తుంది. పాండవులను తన పూర్వులుగా ఎంచుకునే రాజరాజనరేంద్రుడు వాళ్ల కథను తెలుగులో చెప్పమని నన్నయను అడగడం కూడా ఈ వరుసలోదే.

కడప జిల్లాలోనే ఇంకో జత ఉంది. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ల గుడి ఆవరణలోని రాతి శాసనం, సుమారు 575 నాటిది, తెలుగులో ఉంది: ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాడు ఏలుతుండగా అని మొదలు. తాత లేడు, సూర్యుడు లేడు. అదే రేనాటి చోళుల పుణ్యకుమారుడి మాలెపాడు రేకులు సంస్కృతంలో ఉన్నాయి. అక్కడ సూర్యవంశం, కావేరికి కట్ట వేసిన కరికాలుడు, కాశ్యప గోత్రం అన్నీ వచ్చాయి. రాయి ఊరివాళ్లు చదివేది, దానం ఎవరిదో తెలిస్తే చాలు. రేకు పండితుల చేతిలో ఉండేది, దానికి వంశప్రశస్తి కావాలి.

శతాబ్దాల తరువాత కూడా పద్ధతి మారలేదు. విజయనగరాన్ని ఏలిన తుళువ రాజులు యయాతి కొడుకు తుర్వసుడి నుంచి వచ్చామన్నారు. 1565 తరువాత పెనుకొండ నుంచి ఏలిన అరవీటివారు పూరుడి వైపు వెళ్లి, అభిమన్యుడు, పరీక్షిత్తుల కింద చళిక్క అనే పేరు చేర్చుకున్నారు. కంపెనీ అధికారి మెకంజీ కాలంలో రాసుకున్న కడప కైఫియత్తుల్లో, అంటే ఊరి చరిత్రల్లో, జనమేజయుడూ, ముక్కంటి పల్లవుడూ (త్రిలోచనుడే) దాతలుగా కనిపించేది ఈ ధారలోనే. అలాంటి ఊరి కైఫియత్తు చేతికొస్తే దాత పేరు పక్కన పెట్టి, సరిహద్దులు, చెరువు, మాన్యం కొలతలు, కరణాల పేర్లు చూడాలి. ఆ భాగం రాసినవాళ్లు పొలాన్ని కళ్లారా చూసినవాళ్లు.