కిట్ విమానాలు: అపోహలు - వాస్తవాలు, ముఖ్యంగా ల్యాండింగ్ స్పీడ్ గురించి

విడిభాగాల కిట్ తెచ్చుకుని సొంతంగా చిన్న విమానం కట్టుకునేవాళ్లతోనే నా పనంతా. కడుతున్నప్పుడు రివెట్లు, బోల్టులు చూసిపెడతాను, తర్వాత ఇంజన్ సర్వీసు, ఆపైన పక్క సీట్లో కూర్చుని ల్యాండింగ్‌లు ప్రాక్టీస్ చేయిస్తాను. ఏళ్ల తరబడి సాయంత్రాలూ సెలవులూ ధారపోసి కట్టుకున్న విమానాన్ని ఒకే ఒక్క తప్పుడు నమ్మకంతో రన్‌వే మీద విరగ్గొట్టుకుంటున్నారు. మళ్లీ మళ్లీ అదే. అందుకే ముందు దాని సంగతి తేల్చి, మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: ల్యాండింగ్‌కి పది నాట్లు (ఒక నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు) ఎక్కువ పెట్టుకుని వస్తే సేఫ్.

ఈ మాట స్టాల్ (స్పీడ్ మరీ తగ్గి రెక్కలకు లిఫ్ట్, అంటే పైకెత్తే బలం, పోవడం) అంటే ఉన్న భయం నుంచి పుడుతుంది. ఆ భయంలో తప్పేమీ లేదు, నేలకు దగ్గర్లో స్టాల్ అయితే తేరుకోవడానికి ఎత్తు ఉండదు. కాబట్టి తెలిసినవాళ్లెవరో ఐదు నాట్లు కలుపుకోమంటారు, కొత్త విమానం కదా అని మనం ఇంకో ఐదు కలుపుతాం, ఆ రోజు గాలి ఉందని మరికొంత. అలా కలుపుకుంటూ పోయి చివరికి రన్‌వే సరిపోనంత స్పీడ్‌తో వస్తారు.

వాస్తవం: మార్జిన్ ముందే కలిపి ఉంది. ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి దిగే పలకలు) దించితే మీ విమానం 40 నాట్ల దగ్గర స్టాల్ అవుతుందనుకుందాం. ఫైనల్‌లో (రన్‌వేకి ఎదురుగా దిగే చివరి దారిలో) దానికి 1.3 రెట్లు, అంటే 52 నాట్లు పట్టుకోవాలి. ఆ పైనున్న 12 నాట్లే మీ భద్రత. మీరు 65తో వచ్చారంటే పెరిగింది 13 నాట్లేగా అనిపిస్తుంది, కానీ శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి విమానం 56 శాతం ఎక్కువ శక్తితో దిగుతోందన్నమాట. అదంతా ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. నేలకు బాగా దగ్గరగా రాగానే గ్రౌండ్ ఎఫెక్ట్ (నేల దగ్గరితనం) వల్ల డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) తగ్గుతుంది, విమానం చక్రాలు ఆనించకుండా తేలుతూ పోతూనే ఉంటుంది, రన్‌వే అయిపోతూ ఉంటుంది, పైలట్‌కి టెన్షన్ మొదలవుతుంది, ఇక ఆగలేక స్టిక్ (ముక్కును ఎత్తే, దించే కంట్రోల్) ముందుకు నెడతాడు. అసలు దెబ్బ అక్కడే. నోస్ వీల్ ముందు తగులుతుంది, ముక్కు ఎగిరి రెక్కకి మళ్లీ లిఫ్ట్ వస్తుంది, విమానం పైకి లేస్తుంది, అది చూసి మళ్లీ నెడతాడు. ప్రతి ఎగురుకీ మన దిద్దుబాటు కాస్త ఆలస్యం అవుతుంది, కాస్త పెద్దదవుతుంది. సాధారణంగా మూడో ఎగురు దాకా వెళ్లాక నోస్ లెగ్ తట్టుకోదు. అది వంగిన మరుక్షణం ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుంటుంది.

ఒకాయన ఉన్నారు, రిటైరయ్యాక మొదలుపెట్టి ఒంటరిగా కట్టారు. నేను చూసినవాటిలో అంత శుభ్రమైన పని అరుదు, ప్రతి రంధ్రానికీ అంచు గీకి నునుపు చేశారు, ప్రతి నట్ మీదా టార్క్ గీత (సరిగ్గా బిగించామని గుర్తుకు గీసేది) ఉంది. సరిగ్గా పైన చెప్పినట్టే స్పీడ్‌గా వచ్చి, తేలి, నెట్టి, ముక్కు విరిచారు. ఆయనకి దెబ్బ తగల్లేదు, అదే పదివేలు. మర్నాడు నన్ను అడిగిన మాట, "ప్రొపెల్లర్ ఒక్కటి మార్చేస్తే మళ్లీ ఎగరొచ్చా సార్?" అని. ఎగరకూడదు. తిరుగుతున్న ప్రొపెల్లర్ దేనికైనా తగిలిందంటే ఆ దెబ్బ గేర్‌బాక్స్ మీదుగా క్రాంక్ షాఫ్ట్ దాకా వెళ్తుంది, చెక్క బ్లేడ్లు ముక్కలై కొంత దెబ్బ తగ్గించినా సరే. ఇంజన్ కంపెనీ చెప్పిన తనిఖీ అంతా అయ్యేదాకా స్టార్ట్ కూడా చేయొద్దు. పాపం ఆయన ముఖం చూస్తే ఈ మాట చెప్పబుద్ధి కాలేదు, కానీ చెప్పాను.

మరి విమానం నేలకు తగిలి ఎగిరితే ఏం చేయాలి? స్టిక్ నెట్టొద్దు. చిన్న ఎగురైతే ముక్కు అలాగే పట్టుకుని, కాస్త పవర్ ఇచ్చి, మళ్లీ నెమ్మదిగా దించండి. పెద్దదైతే ఫుల్ థ్రాటిల్ (పూర్తి పవర్), గో-అరౌండ్, అంటే దిగడం మానేసి పైకెళ్లి ఇంకోసారి రావడం. ఆలోచించడానికి ఆగొద్దు. సగం రన్‌వే దాటినా చక్రాలు ఆనకపోతే కూడా అంతే. గో-అరౌండ్ చేస్తే పరువు పోతుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, ఆ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

గాలి ఉన్నప్పుడు కలుపుకోవాల్సిందే, కానీ లెక్కతో. గాలి 10 నాట్లు ఉండి 18 దాకా కుదుపులొస్తుంటే తేడా 8, అందులో సగం 4. అంతే కలపండి.

అలాగని స్పీడ్ మరీ తగ్గించమని కాదు. ఈ విమానాలు తేలిక, థ్రాటిల్ మూసేస్తే స్పీడ్ ఇట్టే పడిపోతుంది. బరువైన ట్రైనర్ విమానం మీద నేర్చుకుని వచ్చినవాళ్లు ఇక్కడే తడబడతారు. ఫైనల్‌కి తిరిగేటప్పుడు రన్‌వే లైన్ దాటి అటు పోయారా, రడ్డర్ (తోక దగ్గర ఉండి ముక్కును పక్కకి తిప్పేది) పెడల్ తన్ని ముక్కు రన్‌వే వైపు లాగుతూ స్టిక్ వెనక్కి పట్టుకోవడం ప్రాణాలు తీసే పని. ఎత్తు నిలుపుకుంటూ విమానాన్ని పక్కకి 45 డిగ్రీలు వాల్చితే స్టాల్ స్పీడ్ 19 శాతం పెరుగుతుంది, 60 డిగ్రీలకి 41 శాతం. రడ్డర్‌తో అడ్డంగా జారుతూ స్టాల్ అయితే స్పిన్‌లోకి (గిరగిరా తిరుగుతూ పడిపోవడంలోకి) పోతుంది, ఆ ఎత్తులో బయటికి రాలేరు. అక్కడ కూడా గో-అరౌండే.

దీని వెనకే ఇంకో అపోహ ఉంది: మాన్యువల్‌లో ఉన్న స్టాల్ స్పీడే నా విమానానికీ వర్తిస్తుంది.

వర్తించదు. ఆ అంకె కిట్ కంపెనీవాళ్ల విమానానిది. మీరు పెయింట్ ఎక్కువ వేశారు, మెత్తటి సీట్లు పెట్టారు, రెండో రేడియో పెట్టారు. బరువు 10 శాతం పెరిగితే స్టాల్ స్పీడ్ దాదాపు 5 శాతం పెరుగుతుంది. అంతకంటే ముఖ్యం, మీ ఎయిర్‌స్పీడ్ మీటర్ ఏం చూపిస్తోందన్నది. వాన్స్ కంపెనీ ఆర్‌వీ కిట్లలో స్టాటిక్ పోర్ట్‌కి (బయటి గాలి ఒత్తిడిని మీటర్‌కి అందించే రంధ్రానికి) గుండ్రటి తల ఉన్న పాప్ రివెట్ వాడమంటారు. చూడ్డానికి బాగుండదని కొందరు దాని బదులు ఒంటికి సమంగా ఉండే బిళ్ల పెట్టారు, మీటర్ తప్పు చూపించడం మొదలైంది. అంత చిన్న ఉబ్బు తేడాకే! ఇక పిటో ట్యూబ్‌లో (ఎదురుగాలి ఒత్తిడిని మీటర్‌కి అందించే గొట్టంలో) పురుగులు గూడు కట్టడం, గొట్టం జాయింట్ దగ్గర లీక్ అవడం మామూలే, కవర్ వేయడం మానొద్దు.

కాబట్టి విమానాన్ని మూడు చక్రాల కిందా తూకం పెట్టి తూచండి, సెంటర్ ఆఫ్ గ్రావిటీ లెక్క కట్టండి. టెస్ట్ ఫ్లైట్లలో తగినంత ఎత్తుకు వెళ్లి మీ విమానం ఎక్కడ స్టాల్ అవుతుందో మీరే చూసి రాసుకోండి. మీటర్ తప్పు అన్ని స్పీడ్‌ల దగ్గరా ఒకేలా ఉండదు, స్టాల్ దగ్గర ఎక్కువగా ఉంటుంది, అందుకే ముందు ఆ తప్పు సరిచేశాకే 1.3తో గుణించాలి. మీ ల్యాండింగ్ స్పీడ్ అలా వస్తుంది. స్నేహితుడి విమానం నుంచి అరువు తెచ్చుకుంటే రాదు.

ఇక మిగతావి.

"ఇంజన్ ఆగితే రాయిలా పడిపోతుంది." పడదు. గ్లైడ్ నిష్పత్తి 10 ఉన్న (ఇంజన్ లేకుండా ఒక అడుగు దిగేలోపు పది అడుగులు ముందుకు పోయే) విమానం గాలి లేని రోజున వెయ్యి అడుగుల నుంచి దాదాపు 3 కిలోమీటర్లు పోతుంది. ముక్కు దించి గ్లైడ్ స్పీడ్ పట్టుకోవడం అలవాటు చేసుకోండి.

"తక్కువ ఎగురుతాను కాబట్టి సర్వీసు అక్కర్లేదు." రబ్బరుకి మీ గంటలతో పని లేదు, అది సంవత్సరాలతో పాడవుతుంది. రోటాక్స్ 912 ఇంజన్‌లో ఫ్యూయల్ గొట్టాలు, కార్బ్యురేటర్ రబ్బరు భాగాలు ఐదేళ్లకు మార్చాలి, విమానం షెడ్డులోంచి కదలకపోయినా సరే.

"బోల్ట్ ఎంత బిగిస్తే అంత గట్టి." విమానాల్లో వాడే ఏఎన్3 సైజు బోల్ట్ మీద మామూలు లాక్‌నట్‌కి టార్క్ (తిప్పి బిగించే బలం) 20 నుంచి 25 ఇంచ్-పౌండ్లే. చేతి అంచనాతో బిగించేవాళ్లు దాదాపు అందరూ దాన్ని దాటేస్తారు. టార్క్ రెంచ్ కొనుక్కోండి.

"నా విమానం, నా ఇష్టం వచ్చినట్టు మార్చుకుంటా." అమెరికన్ గాయకుడు జాన్ డెన్వర్ 1997లో లాంగ్-ఈజీ అనే, సొంతంగా కట్టుకునే రకం విమానం కూలి చనిపోయారు. ఆయన దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. డిజైన్ ప్రకారం పైలట్ కాళ్ల మధ్య ఉండాల్సిన ఫ్యూయల్ సెలెక్టర్‌ని (ఏ ట్యాంక్ నుంచి ఇంధనం రావాలో మార్చే వాల్వ్‌ని) కట్టినవాళ్లు ఎడమ భుజం వెనక పెట్టారు. ట్యాంక్ మార్చాలంటే స్టిక్ వదిలి వెనక్కి తిరగాలి. సెకండ్ హ్యాండ్ కొంటున్నవాళ్లు ముందు డ్రాయింగ్ పక్కన పెట్టుకుని, ఎక్కడెక్కడ మార్పులు చేశారో వెతకండి.

"కట్టినవాడే మొదటిసారి ఎగరాలి, లేకపోతే పిరికివాడు." ఇది అనేవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు. కడుతున్నన్నాళ్లూ షెడ్డులోనే గడిపి, విమానం నడపడం దాదాపు మర్చిపోయినవాళ్లు ఉంటారు, వాళ్లకి భయం వేయడం సహజం, మంచిది కూడా. అదే రకం విమానం ఈ మధ్య బాగా నడిపినవాళ్ల చేత మొదటి ఫ్లైట్ చేయించండి, లేదా వాళ్ల విమానంలో ముందు ప్రాక్టీస్ చేయండి. అమెరికాలో అయితే కిట్ నుంచి కట్టిన విమానం టెస్ట్ దశలో అర్హత ఉన్న రెండో పైలట్‌ని పక్కన కూర్చోబెట్టుకోవడానికి 2014 నుంచి పద్ధతి ఉంది. మీ దగ్గర అలాంటి వీలుందో లేదో విమానం పూర్తయ్యాక కాదు, రెక్కలు బిగించకముందే కనుక్కోండి, ఎందుకంటే ఆ పైలట్‌ని వెతకడానికి, పక్క సీట్లో మీరు చేయి అలవాటు చేసుకోవడానికి నెలలు పడుతుంది.